బయట వేసిన తాళం

ఆ వానాకాలం మూడు నెలల్లో నేను అమ్మింది పదకొండు తాళాలు. అందులో నాలుగు సూట్‌కేసు తాళాలు. వాటిని తాళాల్లో కలిపి లెక్కేస్తే మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. మామూలు రోజుల్లో ఒక్క పూటలో పోయే సరుకు అది. అయితే ఆ కాలానికి లాభనష్టాలు తీయమంటే ఈ పదకొండు దగ్గర ఆగితే సరిపోదు. నాకు తగిలిన నష్టం వేరు, వచ్చిన లాభం వేరు. రెండూ నా లెక్కలో అంతకుముందు లేని వస్తువులు.

మురుగునీటి పైపులు మారుస్తామని మా వీధి పొడుగునా గొయ్యి తవ్వారు. "మూడు వారాలు సార్, కళ్ళు మూసి తెరిచేలోగా పూడ్చేస్తాం" అన్నాడు కాంట్రాక్టరు. మేం కళ్ళు మూయకుండానే చూస్తున్నాం, అతను మాత్రం మళ్ళీ కనబడలేదు. గొయ్యి నిలువెత్తున్నర లోతు, మా మెట్ల అంచు దాకా వెడల్పు. ప్రతి కొట్టు ముందూ దాని మీద రెండేసి చెక్కలు వేశారు. రావాలన్నా పోవాలన్నా అవే. తాళం కొనుక్కోవాలనుకున్నవాడు ముందు ప్రాణం మీద ఆశ వదులుకోవాలి. ప్రాణం మీదే ఆశ లేనివాడికి తాళం దేనికి?

మాది కొట్టూ ఇల్లూ ఒకటే. ముందు కొట్టు, దాని వెనక సరుకు గది, ఆ వెనక వంటిల్లూ పడకగదీ. పక్క గోడలు రెండూ పక్కవాళ్ళతో ఉమ్మడి. వెనక గోడ అవతల సన్నటి సందు. మా వరసలో అందరిళ్ళకీ ఆ సందులోకి వెనక తలుపులున్నాయి, మాకు తప్ప. మా గోడకి పైన చువ్వలు బిగించిన చిన్న వెంటిలేటరు ఒక్కటే ఉండేది. ఉన్న దారల్లా షట్టరు. మా నాన్న కావాలనే అలా కట్టించాడు. "ఊరందరికీ తాళాలమ్మేవాడి ఇంట్లో దొంగ పడితే మర్నాటి నుంచి మన సరుకు ఎవడు కొంటాడ్రా? ఒకటే దారి, ఒకటే తాళం, ఒకటే చెవి" అనేవాడు.

ఎవరింటికైనా తాళం బిగించడానికి వెళ్తే షట్టరు దించి, బయట తాళం వేసుకుని వెళ్ళడం ఆయన నాటి అలవాటు. ఆయనకి మా అమ్మ లోపల ఉండేది, నాకు మా ఆవిడ. ఆవిడకీ భద్రం, సరుక్కీ భద్రం. ఒక తాళానికి రెండు లాభాలు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగింది.

"లోపల నేనున్నాను కదండీ, మళ్ళీ తాళం ఎందుకు?"

"నువ్వున్నావనే" అన్నాను.

మంచి జవాబు చెప్పాననుకున్నాను. ఇరవై ఆరేళ్ళు అలాగే అనుకున్నాను.

గొయ్యి తవ్విన రెండో వారంలో మా బావమరిది ఒక పెట్టె చంకలో పెట్టుకుని చెక్కల మీద బిక్కుబిక్కుమంటూ దాటి వచ్చాడు. అతనికి మా వరస చివరి అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఉద్యోగం. కాగితం లారీ రాదు కాబట్టి అచ్చు లేదు, అచ్చు లేదు కాబట్టి తప్పుల్లేవు. మనిషి ఊరికే ఉండలేడు. పెట్టె మూత తీస్తే లోపల రంగురంగుల పేకముక్కలు.

"నా కొట్లో పేకాట ఏంట్రా?" అన్నాను.

"పేకాట కాదు బావా. దీని పేరు బిడారు. ఇందులో డబ్బుల్లేవు."

"డబ్బుల్లేని పేకాట ఉప్పులేని కూర."

"నీకు రక్తపోటు కదా, ఉప్పు తగ్గిస్తే మంచిదే" అన్నాడు.

ఆట సంగతి క్లుప్తంగా చెప్తాను. ప్రతివాడికీ మొదట పది నాసి ముక్కలిస్తారు. కుంటి ఒంటె, చిల్లు సంచి, ఎండిన తోలుతిత్తి, ఇలాంటివి. బల్ల మీద మంచి ముక్కలు పరిచి ఉంటాయి. చేతిలో ఉన్నదాంతో వాటిని ఒక్కొక్కటీ కొని మన కట్టలో కలుపుకోవాలి. కట్ట అయిపోతే కలిపి మళ్ళీ పంచుకోవాలి. అలా తిప్పి తిప్పి ఎడారి దాటించి, ఎవడు ఎక్కువ సరుకు ఊరు చేరిస్తే వాడు గెలిచినట్టు.

ఆడటానికి నలుగురు కావాలి. గిరాకీ లేక ఈగలు తోలుకుంటున్న పక్క కొట్టు టైలరమ్మ వచ్చింది. ఆవిడకి నోరు కత్తెర, నేను అన్నయ్యని, మా ఆవిడ వదిన. ఎదురు వరస కళ్ళజోళ్ళాయన వచ్చాడు. పదిమందికి చూపు సరిచేసిన మనిషి, తను మాత్రం ముక్కని ముక్కుకి ఆనించి చదివేవాడు. నాలుగో మనిషి మా ఆవిడ. మొదటి రోజు ఆవిడ గరిట చేత్తో పట్టుకుని నిలబడి చూసింది. రెండో రోజు కూర్చుంది. మూడో రోజు కూర మాడింది.

సరుకు గదిలో తలుపులకి బిగించే కబ్జాల పెట్టెలు రెండు పక్కపక్కన పెట్టి, పైన చెక్క వేసి బల్ల చేసుకున్నారు. రోజూ భోజనాలయ్యాక మొదలు. నేను ముందు గల్లా దగ్గర కూర్చునేవాణ్ణి. చెమ్మకి తాళాలు తుప్పెక్కకుండా ఒక్కొక్కదానికీ నూనె రాయడమే ఆ మూడు నెలలూ నా వ్యాపారం. గోతిలో నీళ్ళు తోడే డీజిలు మోటారు పొద్దస్తమానం ఒకటే రొద. గోడల నిండా బురద వాసన. ముందు గొయ్యి, వెనక నవ్వులు, నడుమ నేను. జైల్లో వాడికైనా విడుదల తేదీ ఉంటుంది. నాకు ఆ కాంట్రాక్టరు మాటే దిక్కు.

ఒకరోజు కళ్ళజోళ్ళాయన రాకపోతే నన్ను పిలిచారు. వ్యాపారం ఆటలో వ్యాపారిని నేను ఓడిపోవడమా, అనుకుని వెళ్ళి కూర్చున్నాను. బల్ల మీద చవగ్గా కనబడ్డదల్లా కొన్నాను. ఒంటెలు, గుడారాలు, దినుసుల మూటలు, దేన్నీ వదల్లేదు. మా ఆవిడ పద్ధతి వేరు. ఆవిడ కొనడం తక్కువ, పారేయడం ఎక్కువ. ఆటలో ఎడారి నూతి దగ్గర ఆగినప్పుడల్లా తన ముక్కల్లో ఒకదాన్ని తీసి ఆటలోంచి పక్కన పెట్టేసేది.

"ఉన్న ఒంటెని పారేస్తావేంటి?" అన్నాను ఉండబట్టలేక.

"కుంటిది కదండీ. కట్టలో ఉన్నన్నాళ్ళూ మంచి ఒంటె రావాల్సిన చోటికి ఇదే వస్తుంది."

ఆట ముగిసేసరికి అందరికంటే ఎత్తు కట్ట నాది. అందులో మంచి ముక్కలు బోలెడున్నాయి గానీ, కావాల్సినప్పుడు ఒక్కటీ చేతికి రాలేదు. సరుకు అందరికంటే తక్కువ చేర్చిందీ నేనే.

"అన్నయ్య బిడారు తోలలేదు, గోడౌను కట్టాడు" అంది టైలరమ్మ.

అందరూ నవ్వారు, మా ఆవిడతో సహా. ఆవిడ నవ్వు కొట్టుదాకా వినిపించేంత పెద్దదని ఆ వానాకాలంలోనే తెలిసింది. ఆ తర్వాత నేను మళ్ళీ ఆటకి కూర్చోలేదు.

నెలన్నర గడిచాక మా ఆవిడే ఓరోజు ముక్కలు సర్దుతూ అంది.

"ఎన్నిసార్లు తిరిగినా అదే ఎడారి, అవే నూతులు. దీనికి అవతల ఏమీ ఉండదారా?"

"ఎందుకుండదక్కా? దీనికి ఎక్స్‌పాన్షన్ ఉంది, 'రేవు' అని. నలభై కొత్త ముక్కలు. ఎడారి దాటితే సముద్రం, ఓడలు, దీపస్తంభం. పాత పెట్టెలో కలుపుకుని ఆడాలి."

"అంటే మొదటి పెట్టెలో ఆట సగమే పెట్టి అమ్మారన్నమాట" అన్నాను గల్లా దగ్గర్నుంచి. "తాళం అమ్మేసి, చెవి వేరే అమ్మడం. ఆ కంపెనీవాడెవడో వాడి కాళ్ళకి దణ్ణం పెట్టాలి."

"మొదటిది పూర్తి ఆటే బావా. ఇది ఇష్టమైనవాళ్ళకి."

"ఇష్టం పుట్టించాకే కదరా రెండోది అమ్మేది."

నా దణ్ణాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నలుగురూ కలిసి తెప్పించుకోవడానికి ఆర్డరు పెట్టారు.

అదే వారంలో టైలరమ్మ చెక్క మీద కాలు జారి, అదృష్టం బావుండి మోకాలు చెక్కుకుని బయటపడింది. ఆ సాయంత్రం మా ఆవిడ నా కంచం ముందు కూర్చుని అడిగింది.

"వెనక గోడకి ఒక తలుపు పెట్టిద్దామండీ. అందరూ సందులోంచి వచ్చిపోతారు. నాక్కూడా..."

అక్కడ ఆగింది. నేను ఆ ఆగిన చోట ఏముందో అడగలేదు.

"తలుపు పెడితే దానికో తాళం. తాళం వేస్తే దాన్ని కాచుకోడానికో మనిషి. దొంగకి ఉన్న దారి చాలక ఇంకోటి చూపించాలా?"

"మన కొట్లో తాళాలకేం కొదవ?"

"నా తాళం మీద నమ్మకం లేక కాదే. తలుపు మీద లేక."

అది నాలుగోసారో అయిదోసారో ఆవిడ తలుపు అడగడం. అడిగి ఊరుకోవడం ఆవిడ గుణం. ఆ ఊరుకోవడాన్ని నేనెప్పుడూ లాభం కిందే రాసుకున్నాను.

పార్సిలు వచ్చిన రోజు మబ్బు నెత్తిమీదే ఉంది. మధ్యాహ్నం భోజనాలై ఆట మొదలయ్యాక పార్సిలు కుర్రాడి ఫోను.

"గొయ్యి నేను దాటను సార్. ఇద్దరు పిల్లల తండ్రిని. ఆఫీసుకొచ్చి తీసుకోండి, రెండింటిదాకా ఉంటాను."

లోపల ఆట మంచి పట్టులో ఉంది. "నేను తెస్తాలే" అన్నాను. మంచితనం ఏమీ కాదు, నాకూ ఆ బురద వాసన లేని చోట నాలుగడుగులు నడవాలనిపించింది. ఫోను గల్లా పక్కన చార్జింగులో పెట్టాను. వానకోటు వేసుకున్నాను. "గంటలో వస్తా" అని లోపలికి ఓ కేక వేశాను. ఆ తర్వాతది నా చేతులు చేసిన పని. అలవాటైన పని చేతికి తెలుస్తుంది గానీ కంటికి కనబడదు. షట్టరు దించాను. రెండు చివర్లా, ఒకటే చెవి పట్టే జంట తాళాలు వేశాను. మా నాన్న నేర్పినట్టు ఒక్కొక్కదాన్నీ మూడుసార్లు లాగి చూశాను. చెవి జేబులో వేసుకుని చెక్కలు దాటాను.

తిరిగొచ్చేసరికి చెక్కలు లేవు. ఆఫీసులో ఉండగా కురిసిన వానకి గొయ్యి అంచు మా వైపు విరిగి పడింది. చెక్కలు కింద బురదనీళ్ళలో తేలుతున్నాయి. గోతిలో నీళ్ళు మా మెట్లకి మూరెడు కిందిదాకా లేచాయి. ఇవతల గట్టు మీద నేను, నా వానకోటు కింద రేవు పెట్టె, జేబులో తాళంచెవి. అవతల నా షట్టరు, దాని చివర్ల నేను వేసిన తాళాలు, మిసమిసలాడుతూ. అప్పుడు తట్టింది నాకు, ఏం చేసొచ్చానో.

కేకలు వేశాను. మోటారు రొదలో నా గొంతు నాకే వినపడలేదు. మట్టి తవ్వే మిషను ఓ పక్కన నిలబడి ఉంది గానీ డ్రైవరు లేడు. "డీజిలుకి వెళ్ళాడు, సాయంత్రానికి వస్తాడు" అన్నాడు కాపలా మనిషి. సరేనని గట్టు మీదే నిలబడి లెక్క వేసుకున్నాను. లోపల నలుగురూ పొడిగా ఉన్నారు. తాగడానికి నీళ్ళున్నాయి, ఆడుకోవడానికి ఆట ఉంది. తడుస్తున్నది నేనొక్కణ్ణే. నష్టమేముంది?

ఆ లెక్క మీద గంటన్నరకి పైగా నిలబడ్డాను. సిగ్గుపడకుండా చెప్పాలంటే, సందు సంగతి నా బుర్రకి తట్టనేలేదు. ఆ సందులో నేను కాలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఇంటికి వెనక అనే వైపు ఒకటుందని నా లెక్కలోనే లేదు. గొడుగేసుకుని ఎవరో దారినపోయే ఆయన ఆగి, "ఏమండీ, తాళాల కొట్టు మీదే కదా? మీ వెనకాల వెంటిలేటర్లోంచి ఎవరో స్కేలుకి గుడ్డ కట్టి ఊపుతున్నారు" అన్నాడు.

వీధి చివరిదాకా వెళ్ళి, చుట్టు తిరిగి, మోకాలి లోతు చెత్తలోంచి సందులోకి వెళ్ళాను. పక్కవాళ్ళ తలుపులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ వెళ్తే కానీ మా గోడ ఏదో తెలియలేదు. తలుపు లేనిది మాది.

"ఎక్కడికి పోయావు బావా?" బావమరిది గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "నీ ఫోనుకి చేస్తే ఇక్కడే మోగుతోంది. కరెంటు కూడా పోయింది."

"గొయ్యి విరిగిపడింది. మిషనాయన రావాలి" అన్నాను. "వాళ్ళక్కడ బానే ఉన్నారా?" అని ఇంకెవరి సంగతో అడిగినట్టు అడిగాను.

జవాబు టైలరమ్మ చెప్పింది. పెట్టె మీద ఎక్కి నిలబడినట్టుంది, చువ్వల మధ్య ఆవిడ నుదురు కనబడింది.

"అన్నయ్యా, మా అమ్మకి మూడింటికి మందు వెయ్యాల్సింది. మంచం దిగలేని మనిషి కదా, ఇంటికి బయట తాళం వేసొచ్చాను. ఫోనెత్తట్లేదు. పక్కింటివాళ్ళకి చెప్తే తాళం బద్దలుకొట్టి వెళ్దామని చూశారట. గంట నుంచి కొడుతున్నారట. ఊడట్లేదట."

ఎందుకు ఊడట్లేదో ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆ తాళం కిందటేడు నేనే అమ్మాను. "సుత్తి అరుగుతుంది గానీ ఇది ఊడదమ్మా" అని మూడుసార్లు తిప్పి చూపించి మరీ ఇచ్చాను.

"చెవి ఇటు పడెయ్యి" అన్నాను.

స్కేలు చివర గుడ్డకి చెవి ముడివేసి చువ్వల్లోంచి దించింది. అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచాను. అరచెయ్యి మా గోడకి ఆనింది. తొమ్మిది అంగుళాల గోడ. దానికి అవతల, నా అరచేతికి ఎదురుగా, మా ఆవిడ ఎక్కడో నిలబడి ఉండాలి.

రెండు వీధులు పరుగెత్తాను. ఆ వయసులో, ఆ వానకోటులో, చంకలో పెట్టెతో. టైలరమ్మ ఇంటి ముందు నలుగురైదుగురు మూగి ఉన్నారు, ఒకాయన చేతిలో సుత్తి. తాళం నిండా సొట్టలు. అయినా చెవి పెడితే ఒక్క తిప్పుకి విచ్చుకుంది. మా సరుకు మాట తప్పదు.

పెద్దావిడ మంచం పక్కన నేల మీద ఉంది. నీళ్ళ కోసం చెయ్యి చాపి జారినట్టుంది, గ్లాసు గోడ దగ్గరికి దొర్లిపోయి ఉంది. నుదురు మీద రూపాయంత కమిలింది. లేపి మంచం మీద కూర్చోబెట్టి, నీళ్ళు పట్టి, మందు వేశాం. కొంచెం తేరుకున్నాక నా మొహం పట్టి చూసింది.

"తాళాల కొట్టాయనవి కదూ. ఈ తాళం నీ దగ్గరిదేనా నాయనా?"

"అవునమ్మా."

"గట్టిది" అంది. "పాపం, వీళ్ళు చాలాసేపు కొట్టారు. నేను వింటూనే ఉన్నా."

అన్నేళ్ళ వ్యాపారంలో నా సరుకుని అంతగా మెచ్చుకున్నవాళ్ళు లేరు.

అయిదు దాటాక మిషను డ్రైవరు వచ్చాడు. నన్ను తొట్టెలో కూర్చోమన్నాడు. "సినిమా హాల్లో బాల్కనీ కంటే బావుంటుంది సార్, ఎక్కండి" అన్నాడు. మట్టి తొట్టెలో కూర్చుని, గాల్లో ఊగుతూ, నా మెట్ల మీద దిగాను. పైమెట్టు ఒక్కటే పొడిగా ఉంది. తాళాలు తీసి షట్టరు ఎత్తాను.

నలుగురూ కొట్లోనే నిలబడి ఉన్నారు. ముక్కలు పెట్టెలో సర్దేసి ఉన్నాయి. "అమ్మ బానే ఉంది. పక్కింటావిడ కూర్చుంది దగ్గర" అని టైలరమ్మకి చెవి ఇచ్చాను. నుదుటి దెబ్బ సంగతి కూడా చెప్పాను. వస్తువులో లోపం ఉంటే ముందే చెప్పడం నా పద్ధతి. ఆవిడ తొట్టెలోకి ఎక్కబోతూ ఆగింది.

"అన్నయ్యా, నిన్ను అని ఏం లాభం, తాళం వేసి వచ్చినదాన్ని నేనూ. కానీ మీ ఇంట్లోకి రావడం నీ చేతిలో, పోవడం నీ చేతిలో. అంత ఆట నాకొద్దు."

కళ్ళజోళ్ళాయన వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు. "ఎవరైనా మర్చిపోతారండీ" అన్నాడు. ఆయన తిట్టినా బావుండేది.

అందరూ వెళ్ళాక మా ఆవిడ నా చంకలోకి చూసింది.

"పెట్టె తడిసిందా?"

"లేదు."

తీసుకుని, తుడిచి, ఇత్తడి తాళాల వరస చివర పెట్టింది.

"నేను షట్టరు దించుతుంటే చప్పుడు వినపడలేదా?" అన్నాను.

"వినపడింది."

"మరి ఓ కేక వెయ్యలేకపోయావా?"

"రోజూ వినేదే కదండీ" అంది. దీపం వెలిగించడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకో ఇరవై రోజులకి గొయ్యి పూడ్చారు. మట్టి మీద కంకర పడింది, కంకర మీద జనం నడిచారు. గిరాకీ తిరిగొచ్చింది. బావమరిదికి దిద్దడానికి తప్పులు దొరికాయి. కబ్జాల పెట్టెలు మళ్ళీ కబ్జాల పెట్టెలైపోయాయి. రేవు మాత్రం సీలు విప్పకుండా ఇత్తడి తాళాల పక్కనే ఉంది. వచ్చినవాళ్ళు "ఇదేం తాళమండీ?" అని అడిగేవాళ్ళు.

ఓ సాయంత్రం నేనే అన్నాను. "పోనీ మనిద్దరం ఆడదామా?"

"ఇద్దరికి ఆ ఆట బావుండదండీ" అంది. కోపంగా కాదు. సరుకు లేదని చెప్పినట్టు.

దారి తెరుచుకుంది, గల్లా పెట్టె మోగుతోంది. లెక్క ప్రకారం నాకు ఊపిరాడాలి. కానీ ఇల్లు గొయ్యి ఉన్నప్పటికంటే ఇరుగ్గా ఉండేది. వెనక గదిలోంచి నవ్వు వినిపిస్తుందేమోనని చెవి అటే పడేస్తున్నానని, ఓ కొనుగోలుదారు ఒకటే మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు తెలిసింది.

గొయ్యి పూడ్చాక మొదటిసారి ఒకరింటికి తాళం బిగించడానికి పిలుపొచ్చింది. సంచిలో పనిముట్లు సర్దుకున్నాను. చెప్పులు వేసుకుని గుమ్మం దిగి, షట్టరు మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. దించాలో వద్దో తేల్చుకోలేకపోయాను. మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. గల్లా వెనక మేకుకి వేలాడుతున్న రెండు తాళాలూ, చెవీ తీసింది. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇవిగో. మర్చిపోయినట్టున్నారు" అంది.

ఎత్తిపొడుపు అయితే ఓర్చుకునేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఎత్తిపొడుపుల బరువు నాకు తెలుసు, దానికి సరిపడా మాట నా దగ్గరా ఉంటుంది. కానీ ఆవిడ మామూలుగానే అంది. గొడుగు మర్చిపోయిన మనిషికి గొడుగు అందించినట్టు.

ఆ రోజు తాళం బిగించడానికి వెళ్ళలేదు. షట్టరు తీసి ఉండగానే నడుచుకుంటూ వెళ్ళి తాపీమేస్త్రిని పిలుచుకొచ్చాను.

గోడ కొట్టడానికి ఒకటిన్నర రోజు పట్టింది. "మీ నాన్నగారు సిమెంటు దండిగా పోయించారు సార్" అన్నాడు మేస్త్రి చెమట తుడుచుకుంటూ. కన్నం పడి సందులోంచి వెలుగు వంటింటి నేల మీద పడ్డప్పుడు, ఆ నేల రంగు నేననుకున్న రంగు కాదని తెలిసింది. తలుపు బిగించాక నా కొట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి తాళం తెచ్చాను. మూడు చెవులు. మూడింటినీ మూడేసిసార్లు తిప్పి చూసి, మూడూ ఆవిడ చేతిలో పెట్టబోయాను. ఒక్కటి కూడా ఉంచుకోకుండా. అంతకంటే పెద్ద బేరం నా జీవితంలో చెయ్యలేదు.

"తాళం వద్దండీ" అంది. "లోపల గొళ్ళెం చాలు."

నోరు తెరిచాను. ఊరందరికీ తాళాలమ్మేవాడి ఇంటి వెనక తలుపుకి తాళం లేకపోతే... మా నాన్న మాట నాలుకదాకా వచ్చింది. మింగేశాను. తాళం తీసుకెళ్ళి వరసలో పెట్టేశాను. గొళ్ళేలు మా కొట్లో ఉండవు. పక్క వీధి ఇనప సామాన్ల కొట్లో కొన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "నీకెందుకన్నా గొళ్ళెం?" అన్నాడు.

"చుట్టాలకి" అన్నాను.

గొళ్ళెం బిగించిన సాయంత్రమే మా ఆవిడ ఆ తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. ఎక్కడికని నేనడగలేదు, అడగకపోవడం నేర్చుకుంటున్నాను. టైలరమ్మ ఇంటికని తర్వాత తెలిసింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ తెలియదు. మూడో రోజు మధ్యాహ్నం సరుకు గదిలోంచి కబ్జాల పెట్టెలు లాగుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే బల్ల ఈసారి వంటింట్లో వేశారు. టైలరమ్మ వెనక తలుపుకి అతి దగ్గర్లో కూర్చుంది. తలుపు బార్లా తీసి ఉంది.

"ఏం అన్నయ్యా, గాలి బాగా వస్తోంది" అంది నా వైపు చూడకుండా.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి మారింది. నేను బయటికి వెళ్ళాల్సి వస్తే షట్టరు మా ఆవిడే లోపలి నుంచి దించుకుంటుంది. నేను వెనక నుంచి వెళ్ళి వెనక నుంచి వస్తాను. ఆ సందులో చెత్త తీయించాను.

మొదటిసారి అలా తిరిగొచ్చిన రోజు చినుకులు పడుతున్నాయి. వానాకాలం చివరి చినుకులు. తలుపు వేసి ఉంది. నా ఇంటి తలుపు నేను తట్టడం పుట్టాక అదే మొదలు. ఎంత గట్టిగా తట్టాలో కూడా తెలియలేదు. రెండుసార్లు వేలి కణుపుతో కొట్టాను.

లోపల కళ్ళజోళ్ళాయన ఏదో ముక్క పైకి చదువుతున్నాడు. "ఓడ రేవు దాటగానే..." అని ఆగాడు.

"ఎవరది?" అంది మా ఆవిడ.

"నేనే."

"ఉండండి. నా వంతు నడుస్తోంది."

చూరు కింద నిలబడ్డాను. ఆవిడ ముక్కలు చూసుకుంటూ ఉండి ఉంటుంది, ఏది ఉంచాలో, ఏది పారేయాలో. తొందరపడే మనిషి కాదు. పనిముట్ల సంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాను.